ఎర్రకాలువ, నల్ల బురద

వానాకాలంలో నిడదవోలు దగ్గర ఎర్రకాలువ పొంగినప్పుడు దానికి ఆ పేరెందుకు వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. జంగారెడ్డిగూడెం వైపు మెరకల్ని కోసుకొచ్చిన మట్టి అంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది. నందమూరు అక్విడక్టు దాటాక అదే యేరు యనమదుర్రు డ్రెయిన్ అయి, భీమవరం మీదుగా ఉప్పునీళ్ళ వైపు సాగుతుంది. పల్లంలోకి దిగాక ఆ ఎరుపు నిలవదు. మురుగుకాలువ అంచున పారతో ఒక పెళ్ళ తీసి చూడండి. పైన అంగుళం మందాన గోధుమరంగు, దాని కింద నీలిబూడిద, ఇంకా కింద కాటుక నలుపు. మెరకలో ఎరుపునిచ్చిన ఇనుమే ఇక్కడ నలుపునిస్తోంది. మారింది ఇనుము కాదు, దానికి తగిలే గాలి.

గాలి ఆడని నీటిలో ఆకూ అలమూ చివికితే ఏమవుతుంది? ఈ ప్రశ్న మొదట చలిదేశాల్లో పుట్టింది. ఐర్లండు, స్కాట్లండు, ఉత్తర జర్మనీల్లో వేల ఏళ్ళుగా నాచు మీద నాచు పేరుకుని, పూర్తిగా కుళ్ళకుండా, గజాల మందాన పొరలై ఉంటుంది. దాన్నే పీట్ అంటారు. ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, మనం పిడకలు వాడినట్టు పొయ్యిలో వాడుకున్నారు. ఊబి, అడుసు, బాడవ, చిత్తడి, బురద అని ఇన్ని మాటలున్న తెలుగులో పీట్‌కి మాత్రం సొంత మాట లేదు. మన కళ్ళెదుట లేని వస్తువది.

దాన్ని అర్థం చేసుకోవడంలో తొలి అడుగు బుడగలతో పడింది. 1776లో ఇటలీలోని మజ్జోరే సరస్సు ఒడ్డున అలెస్సాండ్రో వోల్టా కర్రతో అడుగు బురదను కెలికి, పైకి లేచిన వాయువును సీసాలో పట్టి వెలిగించాడు. అదే తర్వాత మీథేన్ అని పేరు పెట్టుకున్న వాయువు. పదేళ్ళకు, 1786లో, బెర్లిన్‌లో ఫ్రాంజ్ కార్ల్ అఖార్డ్ పీట్‌ను క్షారంలో నానబెట్టి, ఆ నల్లటి ద్రావణంలో ఆమ్లం పోసి ముదురు మడ్డిని దింపాడు. హ్యూమిక్ ఆమ్లం మనిషి చేతికి చిక్కడం అదే మొదలు. ఆ ఊబి నీళ్ళు పాలు కలపని తేనీటి రంగులో ఉండడానికి కారణం ఈ జాతి పదార్థాలే.

అక్కడి నీటికి ఇంకో గుణం ఉంది. పెద్ద నాచు ఊబులకు వాన తప్ప మరో ఆధారం లేదు. వాననీటిలో ఉప్పులు అతి తక్కువ. ఉన్న కాస్త కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ స్ఫాగ్నం నాచు పట్టుకుని, బదులుగా ఆమ్లాన్ని వదులుతుంది. పీహెచ్ 4 దాకా పడిపోతుంది. పులుపు, చలి, గాలి లేమి కలిసి సూక్ష్మజీవుల్ని దాదాపు నిద్రపుచ్చుతాయి. 1950లో డెన్మార్కులో పీట్ తవ్వుతున్నవాళ్ళకు రెండు వేల ఏళ్ళకు పైబడిన మనిషి శవం ముఖంలో ముడతలతో సహా దొరికింది. టోలుండ్ మనిషిగా పేరుపడ్డ ఆ దేహాన్ని కాపాడింది ఈ నీళ్ళే.

గోదావరి పల్లాల్లో ఇది ఎందుకు జరగలేదు? ఎండ మొదటి కారణం. ఇక్కడి వేడికి సూక్ష్మజీవులు ఊరుకోవు. యేటా వరద తెచ్చే ఒండ్రు రెండోది. ఆకుచెత్త పేరుకునేలోగా మట్టి కప్పేస్తుంది. కృష్ణా గోదావరుల మధ్య కొల్లేరు చూడండి. సుమారు 6,000 ఏళ్ళ కిందట అది సముద్రాన్ని ఆనుకున్న ఉప్పుకయ్య అని డెల్టాల పుట్టుకను పరిశీలించినవారు తేల్చారు. రెండు నదుల ఒండ్రు ముందుకు పెరిగిన కొద్దీ సముద్రం దూరమై, మంచినీటి సరస్సు అయింది. జమ్ము, తుంగ, కిక్కిస ఏపుగా పెరిగినా వేసవిలో అంచులు ఎండిపోవడంతో వాటి అవశేషాలకు గాలి తగిలి చివికిపోయేవి. బురద నల్లబడింది గానీ నాచు ఊబిలా గుట్ట కట్టలేదు. దక్షిణాన అసలైన పీట్ చూడాలంటే నీలగిరులెక్కాలి. అక్కడి పొరల్లోని కార్బన్‌ను పరీక్షించి ఆర్. సుకుమార్ బృందం 20,000 ఏళ్ళలో అడవీ గడ్డిమైదానమూ ఒకదాన్నొకటి ఎలా నెట్టుకున్నాయో 1993లో వెల్లడించింది.

అయితే గోదావరి పరీవాహకంలో పీట్ ఎన్నడూ లేదనడం తప్పు. 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ కనిపెట్టిన బొగ్గు ఒకనాటి పీటే. పాతిక నుంచి ముప్పై కోట్ల ఏళ్ళ కిందట, ఈ భూభాగం దక్షిణ ధ్రువానికి దగ్గరగా, చల్లని వాతావరణంలో ఉన్న రోజుల్లో, గ్లాసోప్టెరిస్ చెట్ల ఆకులు నీళ్ళలో పడి పేరుకున్నాయి. ఆ పొరలు చింతలపూడి వైపు లోతుల్లోనూ ఉన్నాయి. సింగరేణి బొగ్గుతో రైళ్ళు నడిచిన రోజుల్లో నిడదవోలు జంక్షన్‌లో లేచిన పొగ, నా లెక్కలో, ఆ పాత ఊబి విడిచిన ఊపిరే.

ఇక మనుషులు చేసిన ఊబి సంగతి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో ఆర్థర్ కాటన్ గోదావరి నీటిని కాలువలకు మళ్ళించాడు. విజ్జేశ్వరం తలుపుల దగ్గర బయల్దేరిన పశ్చిమ డెల్టా కాలువ నిడదవోలు వైపు వచ్చి శాఖలుగా చీలుతుంది. కరువు ముఖం చూసిన నేలకు నెలల తరబడి నీరు నిలబెట్టే వీలు దొరికింది. దాని మేలు గురించి ఇక్కడ ఎవరికీ చెప్పనవసరం లేదు. రసాయనశాస్త్రం కళ్ళతో చూస్తే మాత్రం అది లక్షల ఎకరాల్లో ప్రతి యేడూ ఒక ఊబిని తయారుచేసి, మళ్ళీ ఆరబెట్టడం.

ఆ చేలల్లో లేచే బుడగల్ని తొలిసారి శ్రద్ధగా కొలిచిన పని మద్రాసు ప్రెసిడెన్సీలోనే జరిగింది. కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో డబ్ల్యు. హెచ్. హారిసన్, పి. ఎ. సుబ్రహ్మణ్య అయ్యర్ 1913 నుంచి వరుసగా, నీరు నిలిచిన వరి నేలల వాయువుల మీద పరిశోధన పత్రాలు వెలువరించారు. బురదలో పుట్టేది ఎక్కువగా మీథేన్, నైట్రోజన్ అని చూపారు. పైనున్న పలుచటి నాచు పొర ఆ మీథేన్‌ను మార్చేస్తుందనీ, వరి వేళ్ళకు ప్రాణవాయువు అందడానికి ఆ పొర తోడ్పడుతుందనీ గుర్తించారు. వోల్టా పేరు బడిపిల్లలందరికీ తెలుసు. తాము తినే అన్నం గురించి ఇంత చెప్పిన ఈ ఇద్దరి పేర్లు డెల్టా పిల్లలకు తెలియకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

తర్వాత ఈ జ్ఞానాన్ని ఒక వరుసలో పెట్టినవాడు శ్రీలంక శాస్త్రవేత్త పొన్నంపెరుమ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఏళ్ళ తరబడి పనిచేసి, ముంపు నేలల రసాయనశాస్త్రం మీద 1972లో సమగ్ర సమీక్ష ప్రచురించాడు. చేనుకు నీరు పెట్టిన ఒకటి రెండు రోజుల్లో మట్టిలో ఆక్సిజన్ అయిపోతుంది. సూక్ష్మజీవులు ముందు నైట్రేటును, తర్వాత మాంగనీసును, ఆ తర్వాత ఇనుమును ఊపిరికి వాడుకుంటాయి. ఎర్ర ఇనుము కరిగి నీటిలోకి దిగడం ఈ దశలోనే. ఆపైన సల్ఫేటు వంతు. చివరికి మీథేన్. ఊబిలో పేరుకునే ఆమ్లం వరిచేలో పేరుకోదు. పులుపు నేలల్లో ఇనుము కరుగుతున్న కొద్దీ పీహెచ్ ఏడు దాపుకు వచ్చి నిలుస్తుంది.

ఎర్రకాలువ వెంట దిగితే ఈ వరుస నేల మీదే కనిపిస్తుంది. నిడదవోలు చుట్టూ మంచినీళ్ళు, సల్ఫేటు తక్కువ. బురదలో కాలు దిగితే వాసన లేని బుడగలు. సముద్రపు పోటు తగిలే చోట ఉప్పునీటి సల్ఫేటు పుష్కలం; అక్కడ మీథేన్ తగ్గి కుళ్ళిన కోడిగుడ్డు వాసన మొదలవుతుంది. ఆ వాయువు కరిగిన ఇనుముతో కలిసి నల్లటి సల్ఫైడు అవుతుంది. కాలం గడిస్తే పైరైటు. నీటి అడుగున ఉన్నంతసేపూ దానితో హాని లేదు. ఎండబెడితే గాలి తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. కేరళలో కుట్టనాడు కరి నేలల రైతులు తరతరాలుగా ఆ పులుపుతోనే పోరాడుతున్నారు.

వరిచేల మీథేన్ 1991లో దేశాల మధ్య తగువు అయింది. అమెరికా పర్యావరణ సంస్థ లెక్కలో భారత వరిచేలు యేటా 3.78 కోట్ల టన్నులు వదులుతున్నాయి. ఎ. పి. మిత్రా నాయకత్వంలో మన శాస్త్రవేత్తలు దేశమంతటా చేలల్లోకి దిగి కొలిస్తే సుమారు 40 లక్షల టన్నులు తేలింది. ఎక్కడో తీసిన కొలతను మన మడి మీద రుద్దితే ఇంత తేడా వస్తుంది. నడుమ చేనును ఆరగట్టే అలవాటు ఒక్కటే ఆ వాయువును బాగా తగ్గిస్తుంది.

కొల్లేరు కథ మరో దారి పట్టింది. చేపల చెరువుల గట్లు సరస్సు గర్భాన్ని ముక్కలు చేశాయి. 1999లో పక్షుల అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి గట్లు తెగ్గొట్టారు. చుట్టుపక్కల చేపల సాగు ఆగలేదు. మేతా ఎరువూ పడిన చెరువు అడుగు, వెనకటి జమ్ము బురద కంటే త్వరగా నల్లబడుతుంది. పట్టుబడి అయ్యాక నీరు తీసేసి, సున్నం చల్లి, అడుగును ఎండకు వదిలేస్తారు. నెర్రెలు విచ్చుకున్న చోటల్లా గాలి లోపలికి దిగి, నలుపు అంచుల నుంచి తగ్గుతూ, మట్టి మళ్ళీ ఎర్రబారుతుంది.