గుడ్ల పొయ్యి నుంచి నారు పెట్టె దాకా

నారు పెట్టెలో వేడిని అదుపు చేసే పరికరానికి, అంటే థర్మోస్టాట్‌కు, మూలం కోడిగుడ్లు పొదిగే ఒక పొయ్యి అని తెలిసినప్పటి నుంచి దాన్ని వదలబుద్ధి కావడం లేదు. కట్టినవాడు రసవాది. కాలం 1620 ప్రాంతం, ఊరు లండన్.

ఆ రసవాది కొర్నీలిస్ డ్రెబెల్ 1572లో హాలండ్‌లోని ఆల్క్‌మార్‌లో పుట్టాడు. మొదటి జేమ్స్ రాజు కొలువులో చేరి, థేమ్స్ నదిలో నీటి అడుగున పడవ నడిపి జనం నోళ్లు తెరిపించాడు. నాకు మాత్రం ఆ పడవ కన్నా పొయ్యే గొప్ప. పెట్టెలో ఒక గాజుగొట్టం, అందులో ఆల్కహాల్, దాని మీద పాదరసం. పెట్టె వేడెక్కితే ఆల్కహాల్ ఉబ్బి పాదరసాన్ని నెడుతుంది. దాని మీది కడ్డీ లేచి పొయ్యికి గాలి వెళ్లే కంతను మూస్తుంది. మంట తగ్గుతుంది. చల్లబడితే కడ్డీ దిగి కంత తెరుచుకుంటుంది. గుడ్డు పొదగడానికి సుమారు 37.5 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఆ అంకె డ్రెబెల్‌కు తెలియదు, పొయ్యికి అంతకన్నా తెలియదు. ఫారన్‌హీట్ కొలత వచ్చిందే 1724లో. కొలవకుండానే అదుపు చేసిందన్నమాట! ఇంత చేసినవాడు దాని వివరం రాసిపెట్టలేదు. అల్లుళ్లు కూఫ్లర్ అన్నదమ్ముల పుణ్యాన అది లోకానికి తెలిసింది. చివరి రోజుల్లో డ్రెబెల్ బీరు అంగడి నడుపుకున్నాడు.

1749లో ఫ్రాన్సులో రోమ్యూర్ అనే శాస్త్రవేత్త గుడ్లు పొదిగించడం మీద పుస్తకమే రాశాడు. థర్మామీటరు లేనివాళ్లకు అతను చెప్పిన ఉపాయం వెన్న, కొవ్వు కలిపిన ముద్ద. అది కరిగే తీరు చూసి వేడి పోల్చుకోవాలి. 1783లో బొన్‌మా సీసం గొట్టంలో ఇనుప కడ్డీ పెట్టాడు. సీసం ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ. ఆ తేడాయే పొయ్యి తలుపు కదిలించేది. గుడ్లు పొదిగించడానికి అతను వాడిన వేడినీటి గొట్టాల పద్ధతి తర్వాత మొక్కల గాజు ఇళ్లకూ వెళ్లింది.

అక్కడి నుంచి గబగబా దాటేద్దాం. 1830లో ఆండ్రూ యూర్ వేడికి వంగే రెండు లోహాల పట్టీకి పేటెంటు తీసుకున్నాడు. 1974లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఎంఎస్ 1000 మైక్రోకంట్రోలర్ చిప్పు అమ్మకానికి వచ్చింది. 2005లో ఇటలీలో అలాంటి చిప్పు ఉన్న ఆర్డునో బోర్డు పుట్టింది.

మన పడమటి నెల్లూరులో ఈ కథకు ఇంకో పాయ ఉంది. కలిగిరి, డీసీ పల్లి వేలం కేంద్రాలకు వచ్చే వర్జీనియా పొగాకు బ్యారన్లు అనే వేడి గదుల్లోనే పండుబారుతుంది. ఆకు పసుపెక్కేటప్పుడు 90 నుంచి 100 ఫారన్‌హీట్, ఈనె ఆరేటప్పుడు 160 దాకా. అయిదారు రోజులు రాత్రీ పగలూ కట్టెలు ఎగదోసే మనిషే అక్కడ థర్మోస్టాట్. ఈ పద్ధతికి బీజం పడింది ఒక కునుకుతో. 1839లో నార్త్ కరోలినాలో స్టీఫెన్ అనే బానిస కాపలాలో నిద్రపోయాడు. మంట ఆరిపోతోందని లేచి, కంగారుగా బొగ్గు తెచ్చి వేశాడు. ఆకు బంగారు రంగు తిరిగింది. డబ్బు చేసుకున్నది మాత్రం యజమాని స్లేడ్.

ఉదయగిరి, ఆత్మకూరు వైపు నర్సరీకి ఇప్పుడు పెట్టె కట్టాలంటే ఆర్డునో, డీఎస్18బీ20 సెన్సర్, ఒక రిలే చాలు. సెన్సర్ అర డిగ్రీ అటూ ఇటూగా నిజం చెబుతుంది. రిలే (కరెంటు స్విచ్చి) హీటరును 28 దగ్గర వెలిగించి 30 దగ్గర ఆపేలా రాయాలి. మధ్యలో ఆ ఎడం లేకపోతే టకటకా కొట్టుకుని త్వరగా పాడవుతుంది. తెలివైనదే, కాదనను. కానీ డ్రెబెల్ పొయ్యిలో వేడిని పసిగట్టిందీ మూత వేసిందీ ఒకే గొట్టం. చూస్తే అర్థమయ్యేది, చెడితే కంటికి కనబడేది. చిప్పు చెడితే రైతు చేయగలిగింది కొత్తది కొనడమే. ఈ నష్టాన్ని ఎవరూ లెక్క రాయరు.

పైగా మే నెలలో ఇక్కడ నారుకు వేడి అక్కర్లేదు, వేడి నుంచే దాన్ని తప్పించాలి. తక్కువైతే వెలిగించు అన్నచోట ఎక్కువైతే తుంపర వదులు అని మార్చి, హీటరు తీసి నీటి మోటారు తగిలిస్తే అదే పెట్టె పనికొస్తుంది. కరెంటు ఉన్నంత సేపు.