పలనాటి యెండలో పాత కారు

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట నరసరావుపేట, మాచర్ల బాటలపై మోటారు రాకపోకలు హెచ్చినవి. తరువాతి దశాబ్దములలో, 2014 వరకు తయారైన అంబాసిడర్ కారు ఆ బాటలపై విరివిగా తిరిగినది. చల్లని వేళ చక్కగా నడచి, వేడెక్కగానే ఆగి, కొంతసేపటికి మరల కదలుట పాత కార్లకు గల తెగులు. గురజాల దాటి నడియెండలో పిల్లలతో నిలిచిపోయినవారికి అది చిన్న కష్టము కాదు.

దీనికి ముఖ్య కారణములు రెండు. ఇంజను వేడిమికి పెట్రోలు గొట్టములోనే ఆవిరియై కార్బురేటరునకు అందకపోవుట మొదటిది. అందుకే డ్రైవర్లు పెట్రోలు పంపుపై తడిగుడ్డ కప్పెడివారు. రెండవది నిప్పురవ్వకు సంబంధించినది. అమెరికాలో చార్లెస్ కెట్టరింగు రూపొందింపగా 1910 నాటి కాడిలాక్ కార్లలో ప్రవేశించిన కాయిలు పద్ధతియే అంబాసిడరునకు సంక్రమించినది. పాతబడిన కాయిలులో తీగ వేడికి సాగి, తెగిన చోట ఎడమగును. చల్లారగానే మరల కలియును.

కావున చల్లారిన బండిలో దోషము కనబడదు. ఆగిన వెంటనే, పెట్రోలు ఆవిరికి దూరముగా, ప్లగు వద్ద రవ్వను పరీక్షింపవలెను. రవ్వ లేకున్న కాయిలునో కండెన్సరునో అనుమానింపవలెను. ఉన్నచో పెట్రోలు దారిని చూడవలెను. ఈ వరుస పాటించినచో కార్బురేటరును ఊరక విప్పించు ఖర్చు మనకు తప్పును.