తిరుత్తణి సీమలో మల్లె, జాజి, ముల్లై

మల్లె, జాజి, ముల్లై ఒకే కుటుంబపు పూతీగలు. పువ్వు చూసి పొరబడవచ్చు గాని ఆకు చూస్తే తేలిపోతుంది. మల్లె ఆకు ఒంటిది. జాజి ఆకు ఈకలా చీలి అయిదు మొదలు పదకొండు దాకా చిట్టాకులతో ఉంటుంది. దాని మొగ్గ వెలుపల లేత గులాబి చాయ కూడా కనిపిస్తుంది. ముల్లైలో నడిమి ఆకు పెద్దది, పక్క రెండూ చెవుల్లా చిన్నవి. 1794లో వృక్షశాస్త్రజ్ఞుడు వాల్ దానికి ఆరిక్యులేటమ్ (చెవులున్నది) అని పేరు పెట్టింది అందుకే. మల్లెను మాత్రం లినేయస్ 1753లో పారిజాతం వరుసలో చేర్చాడు. ఇంటింటా ఎరిగిన పువ్వు విషయంలో ఎంత తడబాటో! 1789లో ఐటన్ దాన్ని జాజి ఉన్న వరుసలోకి తెచ్చాడు.

ఆడికృత్తికకు భక్తులు పూలకావళ్లు మోసుకొచ్చే కొండ తిరుత్తణి. తెలుగు, తమిళం కలగలిసిన ఈ తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. 1997లో కొత్త తిరువళ్ళూరు జిల్లాలో చేరింది. సరిహద్దు మారినా పూల వాడుక మారలేదు.

మల్లెకు గింజ కట్టడం అరుదు. కొమ్మ పాతి, అంటు తొక్కి పెంచుతారు గనుక తోటలో పుట్టిన తేడా చెదరకుండా నిలిచింది. గుండుమల్లె మొగ్గ గుండ్రం, మదనబాణం మొగ్గ కోసుగా పొడుగు. రామబాణం, ఇరువాచ్చి కూడా అలా నిలిచిన రకాలే. ముల్లైలో కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1972లో పరిముల్లైని విడుదల చేసింది; ఆకులపై బుడిపెలు లేపే నల్లిని అది తట్టుకుంటుంది.