కీబోర్డు అమరికలు – ఊరిపేర్ల లిఖితరూపం: కామారెడ్డి, ఎల్లారెడ్డి ఉదాహరణలుగా ఒక చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక:

కామారెడ్డి, ఎల్లారెడ్డి పూర్వపు నిజామాబాద్ జిల్లాలోని పట్టణాలు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఎల్లారెడ్డి ఆ జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఈ ప్రాంతంపై పరిశోధన చేసేవారు కంప్యూటరులో సమాచారం వెతికేటప్పుడు మొదట టైపు చేసేది ఊరిపేరే. పత్రంలో నిక్షిప్తమైన పేరు, వెతికేవారు టైపు చేసిన పేరు ఒకే సంకేతాల వరుస అయినప్పుడే ఆ అన్వేషణ ఫలిస్తుంది. తెలుగులో ఈ ఏకరూపత ఆలస్యం కావడానికి కీబోర్డు అమరికలు అనేకం ఉండడమే కారణమని సాధారణంగా చెబుతారు. అమరికల సంఖ్య కన్నా, అమరికను ఫాంటుతో ముడిపెట్టిన పద్ధతే ఇందుకు ముఖ్యకారణమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. టైపురైటరు నుంచి డీటీపీ వరకు:

టైపురైటరులో మీట నొక్కితే కాగితంపై పడేది ఒక ఆకారం. తలకట్టు, గుడి, ఒత్తు వంటివి విడివిడి ఆకారాలుగా చేరి అక్షరమవుతాయి. డీటీపీ ఫాంట్లు ఈ ఆకారప్రధాన పద్ధతినే కంప్యూటరులోకి తెచ్చాయి. రోమన్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన ఎనిమిది బిట్ల సంకేతస్థానాలలో తెలుగు అక్షరఖండాలను ఇమిడ్చాయి. ‘అను’ ఫాంట్లు, ఆపిల్, మాడ్యులర్ అనే కీబోర్డు అమరికలు ముద్రణరంగంలో స్థిరపడ్డాయి. వాటితో వేగంగా, అందంగా పుస్తకాలు వెలువడ్డాయి. అయితే ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే పత్రం అర్థంకాని రోమన్ అక్షరాల గుంపుగా కనిపిస్తుంది. అందులో ‘కామారెడ్డి’ అని వెతికితే ఫలితం శూన్యం.

3. ఇన్‌స్క్రిప్ట్ – ఉచ్చారణక్రమం:

కేంద్రప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం 1986లో ఇన్‌స్క్రిప్ట్ అమరికను ప్రమాణీకరించి, 1988లో సవరించింది. భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతవిధానమైన ఇస్కీని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రమాణంగా స్వీకరించింది. అదే ఏడాది వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు ఇస్కీ 1988 రూపాన్ని అనుసరించి, తెలుగుకు 128 సంకేతస్థానాల విభాగాన్ని కేటాయించింది.

ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమవైపు, హల్లులు ప్రధానంగా కుడివైపు ఉంటాయి. ‘కామారెడ్డి’ రాయడానికి క, ా, మ, ా, ర, ె, డ, ్, డ, ి అనే పది మీటలు నొక్కాలి. ‘ఎల్లారెడ్డి’కి పదకొండు కావాలి. నొక్కిన క్రమమే నిల్వ అయ్యే క్రమం. ‘డ్డి’ని ఆకారప్రధాన పద్ధతిలో సాధారణంగా ‘డి’, ఆపై డ ఒత్తుగా కూరుస్తారు. యూనికోడ్‌లో అది డకారం, పొల్లు, డకారం, గుడి. మొదటిది కంటికి కనిపించే క్రమం, రెండవది పలికే క్రమం.

4. రోమన్ లిపి ప్రభావం:

1990ల ఆరంభంలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతి రోమన్ అక్షరాలతో తెలుగు రాసే వీలు కల్పించింది. ‘లేఖిని’ వంటి ఉపకరణాలు దాన్ని ప్రచారంలోకి తెచ్చాయి. ఇందులో చిన్న ‘డీ’ దకారాన్ని, పెద్ద ‘డీ’ డకారాన్ని సూచిస్తాయి. ఆంగ్లంలో అలవాటైన ఊరిపేరును యథాతథంగా టైపు చేస్తే దీర్ఘాలు లోపించి, డకారం దకారమవుతుంది. ‘ఎల్లారెడ్డి’ ఆంగ్లవర్ణక్రమం ‘వై’తో మొదలవుతుంది కనుక, ఈ మార్గంలో ‘యెల్లారెడ్డి’ అనే రూపానికి అవకాశం ఎక్కువ. ఎ/యె వికల్పం తెలుగు రాతలో పాతదే. కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేర్వేరు పదాలు.

5. అమరిక, సంకేతం – వేర్పాటు:

నేటి డెస్క్‌టాప్ వ్యవస్థల్లో మీట స్థానం, దాని సంకేతం, తెరపై కనిపించే రూపం మూడు వేర్వేరు అంచెలు. లినక్స్‌లోని ఎక్స్‌కేబీ వ్యవస్థలో భారతీయ అమరికలు ‘ఇన్’ అనే ఒకే ఫైలులో ఉంటాయి. తెలుగు అందులో ఒక ఉపభేదం. ఏ మీటకు ఏ యూనికోడ్ అక్షరం రావాలో ఆ ఫైలు నిర్దేశిస్తుంది. దాన్ని మార్చుకునే స్వేచ్ఛ వినియోగదారునికి ఉంది. విండోస్‌లోనూ సొంత అమరికలను తయారుచేసుకునే ఉపకరణం లభిస్తుంది. అందువల్ల పాత అమరికకు అలవాటుపడిన టైపిస్టు తన చేతివాటాన్ని చాలావరకు నిలుపుకొంటూనే యూనికోడ్‌లో రాయగలడు. పాత నైపుణ్యం, కొత్త ప్రమాణం పరస్పర విరుద్ధాలన్న భావన ఇక్కడ నిలవదు.

6. ముగింపు:

తెలుగు విశ్వవిద్యాలయాల సిద్ధాంతగ్రంథాలు, స్థానికచరిత్రలు పాత ఫాంట్లలో ఉన్నంతకాలం వాటిలోని ఊరిపేర్లు అన్వేషణకు అందవు. వాటిని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు మూలఫైలును, ఫాంటు పేరును, కూర్పు సంఖ్యను భద్రపరచాలి. మార్పిడిలో దొర్లే ఒత్తుల దోషాలను సరిచూడడానికి అదే ఆధారం. వెతికేవారు ఎ/యె రూపాలు రెండింటినీ ప్రయత్నించాలి. ‘ఎల్లారెడ్డి’ అని వెతికితే రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లారెడ్డిపేట కూడా ఫలితాల్లోకి వస్తుంది కనుక జిల్లాపేరును జోడించాలి. అయితే 2016కు ముందరి పత్రాలకు జోడించవలసిన పేరు నిజామాబాద్. కంప్యూటరు అక్షరాల వరుసను మాత్రమే పోల్చగలదు. ఆ వరుస ఏ కాలంలో, ఏ అమరికతో ఏర్పడిందో గుర్తించడం పరిశోధకుని బాధ్యత.