స్థిర విద్యుత్ బోధనలో అనుకరణలు

స్థిర విద్యుత్ అనుకరణలు అనగా ఒక వస్తువుపై విద్యుదావేశం చేరడం, నిలవడం, మరొక వస్తువుకు తరలిపోవడం వంటి విషయాలను విద్యార్థి తెరపై స్వయంగా మార్చి చూడగలిగేలా రూపొందించిన కంప్యూటర్ కార్యక్రమాలు. వీటిని సిమ్యులేషన్లు అని కూడా వ్యవహరిస్తారు. వీడియో పాఠంలో విద్యార్థి ప్రేక్షకుడు మాత్రమే. అనుకరణలో వస్తువును కదిపేది, ఫలితాన్ని ముందుగా ఊహించేది, ఊహ తప్పితే మళ్ళీ ప్రయత్నించేది కూడా విద్యార్థియే. కంటికి కనిపించని ఎలక్ట్రాన్ల కదలికను గుర్తుల రూపంలో చూపడం వీటి ప్రధాన ప్రయోజనం.

నేపథ్యం

రుద్దిన అంబర్ తేలికైన వస్తువులను ఆకర్షిస్తుందని ప్రాచీన గ్రీకులకు తెలుసు. 1600లో విలియం గిల్బర్ట్ ఈ గుణం మరెన్నో పదార్థాలకు ఉందని చూపాడు. ఆవేశాలు రెండు రకాలని 1730లలో ఫ్రెంచి శాస్త్రవేత్త డ్యుఫే గుర్తించాడు. ఆవేశాల మధ్య బలం వాటి దూరపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని 1785లో కూలుంబ్ ప్రకటించాడు.

ఆంధ్రప్రదేశ్ పాఠశాలల్లో ఈ విషయం 8వ తరగతి భౌతిక శాస్త్రంలో "కొన్ని సహజ దృగ్విషయాలు" అనే పాఠం ద్వారా పరిచయమైంది. రుద్దిన రీఫిల్లు కాగితపు ముక్కలను ఆకర్షించడం, సీసా మూతకు కాగితపు క్లిప్పు, అల్యూమినియం రేకులు అమర్చి విద్యుద్దర్శిని తయారుచేయడం ఈ పాఠంలోని కృత్యాలు. కూలుంబ్ నియమం, విద్యుత్ క్షేత్రం వంటి గణిత భాగాలు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో వస్తాయి.

ముఖ్యమైన అనుకరణలు

ఈ రంగంలో ఎక్కువగా పేరు పొందినవి ఫెట్ అనుకరణలు. భౌతిక శాస్త్రంలో 2001 నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్ లో ఈ ప్రాజెక్టును ప్రారంభించాడు. తొలినాటి అనుకరణలు జావా, ఫ్లాష్ లలో తయారయ్యాయి. 2020 చివరలో ఫ్లాష్ కు మద్దతు నిలిచిపోయింది. ప్రస్తుత రూపాలు హెచ్‌టీఎంఎల్ 5లో ఉన్నందున ఫోను, ట్యాబ్ లలో కూడా పనిచేస్తాయి.

* బెలూన్లు, స్థిర విద్యుత్: తెరపై ఒక ఉన్ని స్వెట్టరు, ఒక బెలూన్, ఒక గోడ ఉంటాయి. బెలూన్ ను స్వెట్టరుపై రుద్దితే రుణావేశాలు బెలూన్ పైకి చేరుతాయి, స్వెట్టరుపై ధనావేశం మిగులుతుంది. బెలూన్ ను వదిలితే అది తిరిగి స్వెట్టరు వైపు వెళుతుంది. గోడ దగ్గరకు తెస్తే గోడలోని రుణావేశాలు కొద్దిగా వెనుకకు జరుగుతాయి, బెలూన్ గోడకు అతుక్కుంటుంది. రెండవ బెలూన్ ను కూడా తీసుకుంటే సజాతి ఆవేశాల వికర్షణను చూడవచ్చును.
* జాన్ ట్రావోల్టేజ్: ఒక మనిషి కాలిని తివాచీపై రుద్దితే ఎలక్ట్రాన్లు శరీరంలోకి చేరుతాయి. చేతిని తలుపు పిడి దగ్గరకు తెచ్చినపుడు నిప్పురవ్వ పుడుతుంది. ఆవేశం ఎక్కువైన కొద్దీ మరింత దూరం నుండే రవ్వ ఎగురుతుంది.
* కూలుంబ్ నియమం: రెండు ఆవేశాల పరిమాణాన్ని, దూరాన్ని మార్చి బలాన్ని కొలుస్తారు.
* ఆవేశాలు, క్షేత్రాలు: ధన, రుణ ఆవేశాలను తెరపై ఉంచి క్షేత్ర దిశను, సమశక్మ రేఖలను చూస్తారు.

మన దేశంలో అమృత విశ్వవిద్యాపీఠం, ముంబయి సీడాక్ కలిసి 9 నుండి 12 తరగతులకు "ఓల్యాబ్స్" పేరిట అంతర్జాల ప్రయోగశాలలు తయారుచేశాయి. ఇంజనీరింగు విద్యార్థులకు ఉద్దేశించిన "వర్చువల్ ల్యాబ్స్" ప్రాజెక్టులో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఒక భాగస్వామి.

బోధనా విధానం

అనుకరణను చూపి వివరించడం కంటే "ఊహించు, గమనించు, వివరించు" అనే క్రమం ఎక్కువ ఫలితమిస్తుంది. ఉదాహరణకు, రుద్దిన బెలూన్ ను గోడ దగ్గర వదిలితే ఏమవుతుందో ముందుగా నోటు పుస్తకంలో రాయించాలి. గోడకు నికర ఆవేశం లేదు కనుక ఏమీ జరగదని చాలామంది రాస్తారు. బెలూన్ అతుక్కోవడం చూసిన తరువాత "గోడలో ఏమి మారింది?" అనే ప్రశ్న సహజంగానే పుడుతుంది. విద్యుత్ ప్రేరణ అనే భావన అక్కడ అవసరమై వస్తుంది, నిర్వచనంగా బట్టీ పట్టవలసిన పని ఉండదు.

ఈ పాఠంలో సాధారణంగా తలెత్తే అపోహలు ఇవి:

* రుద్దడం వలన ఆవేశం పుడుతుందనుకోవడం. నిజానికి ఉన్న ఆవేశమే ఒక వస్తువు నుండి మరొకదానికి మారుతుంది, మొత్తం ఆవేశం మారదు.
* తటస్థ వస్తువులో ఆవేశాలే లేవనుకోవడం. ధన, రుణ ఆవేశాలు సమానంగా ఉండడమే తటస్థత.
* ధనావేశాలు కూడా ఒక వస్తువు నుండి మరొకదానికి తరలుతాయనుకోవడం. ఉన్ని, బెలూన్ వంటి ఘన పదార్థాలను రుద్దినపుడు కేంద్రకాల్లోని ప్రోటాన్లు కదలవు. ఎలక్ట్రాన్లను కోల్పోయిన వస్తువే ధనావేశితమవుతుంది.

పరిమితులు

అనుకరణ ఎల్లప్పుడూ సఫలమవుతుంది, నిజమైన ప్రయోగం అలా కాదు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే వస్తువుల ఉపరితలంపై పలుచని నీటి పొర చేరి ఆవేశం జారిపోతుంది. వానాకాలంలో రీఫిల్లు కాగితాన్ని ఆకర్షించకపోవడానికి కారణం ఇదే. పైన పేర్కొన్న బెలూన్ల అనుకరణలో తేమ ప్రస్తావన లేదు. తెరపై పదుల సంఖ్యలో కనిపించే గుర్తులను విద్యార్థులు అసలు సంఖ్యగా భావించే ప్రమాదం కూడా ఉంది. ఒక్క నానోకూలుంబ్ ఆవేశంలోనే సుమారు 624 కోట్ల ఎలక్ట్రాన్లు ఉంటాయి. కావున అనుకరణను ప్రయోగానికి తోడుగానే వాడాలి. రీఫిల్లు, దువ్వెన, బెలూన్, కాగితం వంటి చవకైన వస్తువులతో జరిగే ఈ పాఠంలో ప్రయోగాన్ని వదిలివేయడానికి కారణం లేదు.

కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, విద్యుత్ వలయాల అనుకరణతో నేర్చుకున్న విద్యార్థులు నిజమైన పరికరాలతో నేర్చుకున్నవారి కంటే మెరుగైన ఫలితాలు చూపారు. అయితే అది ప్రవాహ విద్యుత్తుకు సంబంధించినది.

పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ భాగాన నల్లమల కొండలకు తూర్పున ఉన్న పెద్దారవీడు, మార్కాపురం, తర్లుపాడు, గిద్దలూరు, కంభం ప్రాంతాలు వర్షపాతం తక్కువగా ఉండే మెట్ట ప్రాంతాలు. పొడిగాలి ఉండే రోజులు స్థిర విద్యుత్ ప్రయోగాలకు అనుకూలం. చలికాలపు రాత్రి ఉన్ని దుప్పటిని లాగినపుడు వినిపించే చిటపట శబ్దం, నైలాను దుస్తులు ఒంటికి అంటుకోవడం, ప్లాస్టిక్ కుర్చీ నుండి లేచి ఇనుప తలుపును తాకితే కలిగే చిన్న షాకు ఇక్కడి విద్యార్థులకు తెలిసిన ఉదాహరణలు. మార్కాపురం పేరుపొందిన పలక రాయి ఒక విద్యుద్బంధకం. విద్యుత్ వాడకం మొదలైన తొలిరోజుల్లో పాశ్చాత్య దేశాల్లో స్విచ్చి బోర్డులకు పలక రాతి బిళ్ళలను వాడేవారు. బంధకం అనే భావనకు ఈ ప్రాంతంలో దీనికన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

పరికరాల విషయానికి వస్తే, రాష్ట్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో 8వ తరగతి విద్యార్థులకు బైజూస్ పాఠాలతో కూడిన ట్యాబ్ లను పంపిణీ చేసింది. 2023 నుండి ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లో స్పర్శతో పనిచేసే పెద్ద తెరలను అమర్చింది. బైజూస్ మాతృసంస్థ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఒకే సంస్థ పాఠాలపై ఆధారపడడంలోని ఇబ్బందిని ఇది సూచిస్తుంది. ఫెట్ అనుకరణలు ఉచితం. వాటిని ఒకసారి దిగుమతి చేసుకుంటే అంతర్జాలం లేకున్నా నడుస్తాయి. తెర ఒక్కటే ఉన్న తరగతిలో విద్యార్థులు ముందుగా ఊహలు రాసి, ఒకరి తరువాత ఒకరు వచ్చి అనుకరణను నడపవచ్చును.

పిడుగు, జాగ్రత్తలు

తలుపు పిడి దగ్గర ఎగిరే రవ్వ, మేఘం నుండి దిగే పిడుగు ఒకే సూత్రంపై ఏర్పడతాయి. పొడిగాలిలో విద్యుత్ క్షేత్రం సెంటీమీటరుకు సుమారు 30,000 వోల్టులు దాటితే గాలి వాహకంగా మారుతుంది. మేఘాల్లో ఇంతకంటే తక్కువ క్షేత్రంలోనే మెరుపు మొదలవుతుంది. సాధారణ పిడుగులో సుమారు 30,000 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్ లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. మెట్ట పొలాల్లో పనిచేసేవారు, గొర్రెలు మేకలు కాచేవారు ఆరుబయట ఉన్నందున వారికి అపాయం ఎక్కువ. ఈ పాఠం పరీక్షకు మాత్రమే పరిమితం కాకపోవడానికి ఇదే కారణం. అనుకరణలో రవ్వ వినోదంగా కనిపిస్తుంది, కావున కింది జాగ్రత్తలను తప్పక చెప్పాలి:

* ఉరుము వినిపిస్తే వెంటనే పక్కా భవనంలోకి గాని, పైకప్పు ఉన్న లోహపు వాహనంలోకి గాని వెళ్ళాలి.
* ఒంటరి చెట్టు కిందకు, విద్యుత్ స్తంభం దగ్గరకు పోరాదు.
* చెరువు, బావి, ఇనుప కంచెలకు దూరంగా ఉండాలి. నేలపై పడుకోరాదు.
* చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగి బయటకు రావాలి.
* పిడుగు పడిన మనిషి శరీరంలో ఆవేశం నిలిచి ఉండదు. వెంటనే తాకి ప్రథమ చికిత్స చేయవచ్చును.

మెరుపు కనిపించిన తరువాత ఉరుము వినిపించడానికి పట్టిన సెకన్లను 3తో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడినదో సుమారుగా తెలుస్తుంది. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన "దామిని" యాప్ సమీపంలోని పిడుగుల సమాచారాన్ని ఇస్తుంది.

ఇవి కూడా చూడండి

* విద్యుదావేశం
* కూలుంబ్ నియమం
* విద్యుద్దర్శిని
* పిడుగు
* మార్కాపురం
* పెద్దారవీడు