మెట్టనేలలో పూలకుండీ: హాలియా ప్రాంతపు ఇంటితోటల చరిత్ర

కృష్ణానదికి ఉపనది అయిన హాలియా వాగు పేరునే తన పేరుగా చేసుకున్న హాలియా పట్టణం ఈనాడు నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది వరి మాగాణుల నడుమ కనిపిస్తున్నప్పటికీ, కాలువ రాకముందు ఈ ప్రాంతంలో అధికభాగం చెలక, అంటే వానపై తప్ప మరే నీటిపైనా ఆధారపడలేని ఎర్రనేల. ఏడాదికి సగటున 750 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వాన, వేసవిలో తరచు 45 డిగ్రీలకు చేరే ఎండ, అడుగున పరుపుబండ ఉన్న పలుచని మట్టి కలిసిన చోట ఇంటి ముందు పూలతోట పెంచడమన్నది అభిరుచి కంటే ముందు నీటికి సంబంధించిన ప్రశ్న. అందువల్ల ఇక్కడి ఇంటితోట చరిత్రను మొక్కల జాబితాగా కాక, ఇంటికి చేరిన నీటి చరిత్రగా చదవడమే సబబు.

ఈ ప్రాంతంలో పూలకూ పాత్రకూ ఉన్న సంబంధానికి లభించే ప్రాచీన సాక్ష్యం హాలియాకు చేరువలోనే, సాగర్ జలాశయం కింద మునిగిపోయిన నాగార్జునకొండ లోయలో బయటపడింది. క్రీస్తుశకం మూడవ, నాలుగవ శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజులకు విజయపురి పేరుతో రాజధాని అయిన ఈ లోయలో 1926లో శిథిలాలను గుర్తించిన తరువాత లాంగ్‌హర్‌స్ట్, టి.ఎన్. రామచంద్రన్‌లు దశలవారీగా తవ్వకాలు జరిపారు. ఆనకట్ట నిర్మాణం ఖాయమైనాక, 1954 నుంచి 1960 వరకు, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయ అంతటా విస్తృతమైన తవ్వకాలు సాగాయి. అక్కడి సున్నపురాతి ఫలకాలపై పూర్ణఘటం, అంటే నిండుగా నీరు పోసి తామర మొగ్గలూ పూలూ ఆకులూ అంచుదాటి వంగేటట్లు అమర్చిన కుండ, పదేపదే దర్శనమిస్తుంది. ఇది మంగళచిహ్నమే తప్ప ఆనాటి ఇళ్లలో కుండీ మొక్కలు పెంచారనడానికి రుజువు కాదు; అలంకరణ వ్యాసాలలో ఇటువంటి ఫలకాలను చూపి రెండువేల ఏళ్ల గృహోద్యాన సంప్రదాయాన్ని ఊహించడం తొందరపాటే అవుతుంది. అయినా నిండుకుండ, దానిలో పూలు అన్న జంటను శుభానికి గుర్తుగా ఎంచుకున్న శిల్పులు ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండే నేలకు చెందినవారన్న సంగతి గమనించదగినది.

మధ్యయుగంలో పూలతోట ప్రధానంగా దేవుడి సొత్తు. దేవాలయానికి పూలు సమకూర్చే తోటను నందనవనం అనేవారు. దాని నిర్వహణకు చెరువు కింది భూమిని దానం చేయడం తెలుగు శాసనాలలో సాధారణంగా కనిపించే విషయం. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు కందూరు చోడుల రాజధానిగా వెలిగి, వారి కాలపు ఉదయసముద్రం చెరువునూ, పచ్చల సోమేశ్వర, ఛాయా సోమేశ్వర ఆలయాలనూ నేటికీ నిలుపుకున్నది. చెరువు ఉన్నచోట గుడి, గుడి ఉన్నచోట పూలు అన్న ఈ అమరికలో సామాన్యుడి వాకిలికి మిగిలిన వాటా స్వల్పమే.

ఆ స్వల్పమైన వాటాలో మొదటిది తులసి గద్దె. ఇంటి ముంగిట గానీ నడిమి వాకిట్లో గానీ మట్టితోనో రాతితోనో నడుము ఎత్తున కట్టి, పైభాగంలో మట్టి నింపడానికి గుంట వదిలే ఈ నిర్మాణం తెలుగు ఇళ్లలోని తొలి శాశ్వతమైన కుండీ అనడంలో అతిశయోక్తి లేదు. దాని ఎత్తు భక్తికి సంబంధించినదే అయినా, కోళ్ల గోళ్లకూ మేకల నోళ్లకూ మొక్క అందకుండా ఉండటానికీ, పూజవేళ పోసే చెంబెడు నీరు పక్కకు పారిపోకుండా వేళ్లకే చేరడానికీ అదే ఎత్తు, అదే గుంట ఉపకరించాయి. కార్తీక మాసంలో క్షీరాబ్ది ద్వాదశినాడు ఉసిరికొమ్మను నాటి తులసికి పెళ్లి జరిపే ఆచారం వల్ల, ఎంతటి కరువు ఏడాదిలోనైనా ఆ ఒక్క మొక్క బతికి ఉండేటట్లు చూడటం ఇంటి బాధ్యతగా స్థిరపడింది.

రెండవది జాలారు, అనగా స్నానం చేసి, అంట్లు తోమి నీటిని వదిలే పెరటి మూల. వాడిన నీరు వృథా కాకుండా అరటి, చేమకూర, మందారం, మల్లెపొద వంటివి ఆ కాలువ వెంటే పెరిగేవి. ఇంటి అందం కోసం కాక మురుగు నీటి దారిని బట్టి ఏర్పడిన తోట ఇది. అయినప్పటికీ నీటిని రెండుసార్లు వాడే ఈ పద్ధతి ఏ ఉద్యానశాస్త్ర గ్రంథమూ తప్పుపట్టలేనిది. పగిలి నీళ్లకు పనికిరాని గోలేలు, అంటే పశువులకు నీరూ కుడితీ పోసే వెడల్పాటి మట్టితొట్లు, ఈ మూలకే చేరి మొక్కలకు ఆశ్రయమిచ్చేవి. కాల్చిన మట్టిపాత్ర గోడల నుంచి తేమ నిరంతరం ఆవిరవుతుంది గనుక వేళ్లకు చల్లదనం దక్కుతుంది, అయితే అదే కారణంగా మట్టి త్వరగా ఆరిపోతుంది. వేసవిలో గోలేన్ని సగం వరకు నేలలో పాతి గోడనీడకు చేర్చడం ఈ చిక్కుకు తగిన విరుగుడు.

పెరటికి అవతల, ప్రహరీ లేని వాకిలిలో ఏ పూలు మిగలాలో నిర్ణయించినది యజమాని అభిరుచి కాదు, ఊరి మేకలు. విషపు పాలు గల గన్నేరు, పచ్చగన్నేరు, చేదైన ఆకుల బిళ్ళగన్నేరు ఈ పల్లెల వాకిళ్లలో నిలబడటానికి కారణం అవి పశువులకు రుచించకపోవడమే. ఇందులో మరో విశేషం ఏమిటంటే, అనాదిగా మనవేనని తోచే పూలలో చాలావరకు సముద్రాలు దాటి వచ్చినవి. బిళ్ళగన్నేరు మడగాస్కర్ ద్వీపానిది. పచ్చగన్నేరు, దేవగన్నేరు, చంద్రకాంత, కాశీరత్నం, కాగితంపూలు అమెరికా ఖండాలవి. దసరా గుమ్మాన్ని పసుపుమయం చేసే బంతి మెక్సికో నుంచి బయలుదేరినది. చేమంతి చైనాది. కనకాంబరం, నూరువరహాలు మాత్రం దక్షిణ భారతపు సొంత మొక్కలు. 1833లో లండన్ వైద్యుడు నతానియల్ వార్డ్ మొక్కలను గాజుపెట్టెల్లో మూసి సిడ్నీ వరకు ఓడలో సజీవంగా పంపి చూపిన తరువాత, విత్తనంగా ప్రయాణించలేని మొక్కలు సైతం ఖండాంతరాలకు తరలాయి. ప్రపంచ ఉద్యానాల రూపురేఖలను మార్చినది ఒకరకంగా ఆ గాజు కుండీయే.

అయితే ఈ ప్రాంతపు అసలైన పుష్పాలంకరణ వాకిలిలో పుట్టలేదు, చెలకలో పుట్టింది. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగిసే బతుకమ్మకు కావలసిన తంగేడు, గునుగు రెండూ ఎవరూ నాటనివి, ఎవరూ నీరు పోయనివి. తంగేడు బీడుల్లో పశువులు అంతగా ముట్టని పొద. గునుగు జొన్న, నువ్వు వంటి మెట్టపంటల మధ్య తనంతట తాను మొలిచే కలుపు. వెండి కుచ్చుల వంటి గునుగు కంకులను రంగునీళ్లలో ముంచి, తాంబాలంలోనో సిబ్బిలోనో తంగేడు, బంతి, కట్లపూలతో వలయాలుగా పేర్చి, శిఖరాన గుమ్మడిపువ్వునూ పసుపు గౌరమ్మనూ నిలిపే ఈ కూర్పును, నీటికి కరువున్న ప్రజలు తోట లేకుండానే సాధించిన ఉద్యానకళగా గుర్తించాలి. 2014లో తెలంగాణ రాష్ట్రం బతుకమ్మను రాష్ట్ర పండుగగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలడంతో ఈ కథ మలుపు తిరిగింది. లాల్‌బహదూర్ కాలువ అని పేరుపెట్టిన ఎడమ కాలువ కింద చెలకలు మాగాణులయ్యాయి, బావుల్లో ఊటలు పెరిగాయి, కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు క్యాంపులు కట్టుకొని స్థిరపడ్డారు, సాగర్ వద్ద హిల్ కాలనీ, పైలాన్ కాలనీలు వెలిశాయి. ఇంటి ముందు కొలిచి వదిలిన ఖాళీ స్థలం, దాని చుట్టూ కంచె, కంచె వెంట పూలమొక్కలు అన్న ఆ కాలనీల క్వార్టర్ల నమూనా చుట్టుపక్కల ఊళ్లలోని పక్కా ఇళ్లకూ పాకింది. 1937 నుంచి దేశమంతటా అమ్ముడైన డాల్డా డబ్బాలు ఖాళీ అయ్యాక అడుగున మేకుతో చిల్లులు పొడిచి కుండీలుగా వాడుకోవడం, తరువాత రంగుల బకెట్లు, సిమెంటు కుండీలు వాటి స్థానంలోకి రావడం తెలుగు ఊళ్లన్నింటికీ ఉమ్మడి అనుభవం. గోదావరి ఒండ్రునేలలోని కడియం, కడియపులంక నర్సరీల నుంచి రకరకాల మొక్కలు రాష్ట్రాలు దాటి వెళ్లడం మొదలైనాక గులాబీ, క్రోటన్ వంటివి చిన్న పట్టణాల గడపలకూ చేరాయి.

కుండీ మొక్కలకు హాలియా ఉన్న నల్లగొండ జిల్లాలో మరొక పరీక్ష ఎదురైంది. మనుషుల ఎముకలను వంచిన ఫ్లోరైడ్ ఇక్కడి భూగర్భజలంలో ఎంతగా ఉన్నదంటే, పటిక, సున్నంతో దానిని తొలగించేందుకు నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడింది. డ్రాసినా, స్పైడర్ ప్లాంట్ వంటి ఇండోర్ మొక్కలు ఫ్లోరైడ్‌ను తట్టుకోలేక ఆకుల కొనలు మాడి గోధుమరంగుకు తిరుగుతాయి. అటువంటి బోరునీటికి బదులు పట్టి ఉంచిన వాననీరు వాడటం మేలు. 2015లో మొదలైన మిషన్ భగీరథ పథకం ఇంటింటికీ శుద్ధిచేసిన నదీజలాన్ని తేవాలని సంకల్పించగా, అదే ఏడాది ప్రారంభమైన హరితహారం, 2018 పంచాయతీరాజ్ చట్టం పల్లె పల్లెకూ నర్సరీని తెచ్చాయి.

నీరు వచ్చి వాకిలిని పూయించిన ఇదే కాలంలో చెలకపూలు వెనకడుగు వేశాయి. నీరు నిలిచే వరిమడిలో గునుగు మొలవదు. మిగిలిన మెట్టపొలాల్లో దానిని కలుపుమందు చంపుతుంది. బీడు తగ్గినకొద్దీ తంగేడు గెట్లకూ గుట్టలకూ పరిమితమవుతుంది. బతుకమ్మ రోజుల్లో ఈ అడవిపూలే కట్టలుగా బజారులో అమ్మకానికి వస్తున్నాయి. అయినా ఇది చేజారిపోయిన విషయం కాదు. ఎర్రమట్టి, చెరువుమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపిన ఏ కుండీలోనైనా తొలకరిలో గునుగు గింజలు చల్లి, ఎండ తగిలే డాబా మీద ఉంచితే దసరా నాటికి కంకులు వేస్తుంది. తంగేడు గింజలను కాసేపు వేడినీటిలో నానబెట్టి నాటితే సులభంగా మొలుస్తాయి. కొన్నవాటికి తోడు ఈ రెండింటికీ ఇంటితోటలో చోటివ్వడం హాలియా ప్రాంతపు గృహస్థులు ఈ తొలకరికే చేయదగిన పని.