బొట్టు పెట్టిన చేయి, తీసేసిన చేయి

పాలకుర్తి చుట్టుపక్కల ఊళ్లల్లో ఆడమనిషి ఫొటో గోడ మీద దండతో కనిపిస్తే, ఆమె లేదని ఎవరూ చెప్పనక్కర్లేదు. భర్త కంటే ముందు పోతే పసుపు రాసి, కుంకుమ దిద్ది, పూలు తురిమి సాగనంపుతారు. భర్తే ముందు పోతే బతికున్న ఆమె బొట్టు తుడిచి, గాజులు పగలగొడతారు. ఈ నేలలో అందానికీ చావుకూ గుర్తులు వేరుకావు. స్త్రీ బొమ్మల చరిత్రను అటునుంచి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలో చూరు కింద నల్లరాతి స్త్రీ శిల్పాలు, మదనికలు, ఉన్నాయి. వాటిలో నాగిని ఒంటి మీద పాములే సొమ్ములు. దక్కన్‌లో కొన్ని సతిరాళ్ల మీదైతే గాజులు నిండిన చేయి ఒక్కటే పైకి లేచి ఉంటుంది. భర్త చితి ఎక్కిందని చెప్పడానికి ఆ గాజులే చాలు. చేర్యాల పటాలు గీసే నకాశీలు అమ్మవార్లకు పసుపు రంగు వేశారు, వెనుక నేలకు ఎరుపు. పసుపూ కుంకుమా అన్నమాట.

ఆ రెండు రంగులనూ ఆధునిక చిత్రకళకు పట్టుకొచ్చినవాడు తోట వైకుంఠం. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టాడు, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదివాడు. మొదట బొగ్గుతో, పెన్సిల్‌తో గీశాడు. రంగులు తర్వాత వచ్చాయి. నుదుటి నిండా బొట్టు, పసుపు మెరిసే చెంపలు, ముంజేతి నిండా గాజులు. వాళ్ల అమ్మా, చిన్నప్పుడు చూసిన నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లూ ఈ మొహాలకు మూలం. కొన్నవాళ్లు వీటిని పండగ బొమ్మలుగా హాల్లో తగిలించుకున్నారు. అది సగం చూపే అంటాను. ఆ బొట్టు అంత పెద్దగా ఉండటంలో, దాన్ని తుడిచే రోజు ఒకటుందన్న ఎరుక ఉంది.

రెండో సగం కావాలంటే బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ (1988) చూడాలి. కళాదర్శకుడిగా వైకుంఠానికి జాతీయ అవార్డు తెచ్చిన సినిమా అది. గడీలో దాసిగా ఉన్న కమలాక్షి కడుపును దొరల మాట మీద తీసేయిస్తారు. గోడలు, గిన్నెలు, పరుపు అన్నీ ఆయన కూర్చినవే, అందంగానే ఉంటాయి. అందుకే భయం వేస్తుంది.

పాలకుర్తిది ఇంకో దారి. అక్కడ విసునూరు భూస్వామి దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కొట్లాడిన చాకలి ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న పోయింది. ఆమెను గీసేవాళ్లు నగల జోలికి పెద్దగా పోరు. ముడతలు దిద్దుతారు, చేతికి కర్ర ఇస్తారు. అలంకారం ప్రధానం కాని స్త్రీ బొమ్మకు ఊరూరా దండలు పడటం మన దగ్గర కొత్త.

వైకుంఠం బొమ్మ కొనలేకపోతే పోనీ, ముందు ‘దాసి’ చూడండి. ఆ తర్వాత ఆయన గీసిన ఏ మొహమైనా ముందేసుకుని, బొట్టు దగ్గర కాసేపు ఆగండి.